దొరసాని ఒక మోకాలే వంచింది

ఆ ఫొటో కింద అచ్చయిన వాక్యం ఇది: "కష్టకాలంలో నిరుపేద ఆఫ్రికా పనిమనిషికి బియ్యం అందజేస్తున్న మన సంఘం అధ్యక్షులు." ఇందులో "కష్టకాలంలో" అన్న మాట నిజం. మిగిలిందంతా అబద్ధం. ఆమె నిరుపేద కాదు. పనిమనిషి కాదు. బియ్యం సంఘానివి కావు. అధ్యక్షుల వారు అందజేసిందేమీ లేదు. బస్తా మీద చెయ్యి పెట్టారు, అంతే.

ఆమె ఆఫ్రికాలో ఒక రాజుగారి కూతురు. దుబాయ్‌లో తన దేశపు కాన్సులేట్‌లో సంక్షేమ అధికారిణి. నాకు పైఅధికారి. ఆ ఫొటో తీసింది నేను. కాబట్టి కోపం తెచ్చుకునే హక్కు నాకుంది. నింద మోయవలసిన వాణ్ణి కూడా నేనే, ఆ సంగతి తర్వాత వస్తుంది.

అది దుబాయ్‌లో మన తెలుగువాళ్ళ సంఘం. దాని పేరు రాయను, ఆమె పేరూ, దేశం పేరూ రాయను. సంఘం పేరు రాయకపోవడం నా పెద్దరికం. ఆమె పేరు రాయకపోవడం ఆమె ఆజ్ఞ. ఆఫీసు డ్రైవర్లూ నేనూ వెనకాల ఆమెను "దొరసాని" అనుకునేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను. ఆ మాట ఒకరోజు ఆమె చెవిన పడి అర్థం అడిగింది. చెప్పాను.

"మీ ఊళ్ళో దొరసానులు ఏం చేసేవారు?" అంది.

"మా నాయనమ్మతోని వడ్లు దంపించుకునేటోళ్ళు మేడమ్."

"అయితే ఆ పేరు ఉండనివ్వండి, రాజయ్య గారూ. నన్ను తిట్టుకోవాలనిపించిన రోజు మీరు వేరే మాట వెతుక్కోనక్కర్లేదు."

మందూబ్ పని

నాది జగిత్యాల వైపు పల్లె. ఏడో తరగతితో బడి అయిపోయింది. దుబాయ్‌కి సిమెంటు మోయడానికి వచ్చాను. సోనాపూర్ కూలీల క్యాంపులో తిండికి కూర్చున్నప్పుడు నేల మీద ఇంగ్లీషు పేపర్లు పరిచేవాళ్ళు. తిన్నాక అందరూ చేతులు కడుక్కోవడానికి లేస్తే నేను ఆ పేపరు చదువుతూ కూర్చునేవాణ్ణి. చారు పడిన చోట వార్త మిగిలేది కాదు. అందుకే నా ఇంగ్లీషులో ఇప్పటికీ అక్కడక్కడ సందులుంటాయి. అరబ్బీ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను. అలా సిమెంటు నుంచి స్టీరింగు, స్టీరింగు నుంచి ఫైళ్ళు. చివరికి ఆ చిన్న కాన్సులేట్‌లో మందూబ్‌ని అయ్యాను. పని చాలించి రెండేళ్ళు కావస్తోంది, దుబాయ్ మాత్రం ఇంకా వదల్లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు మందూబ్ అంటే సూటు, కారు, నలుగురు పోలీసులతో పరిచయం అనిపిస్తుంది. అది కాదు. ఆఫీసు కాగితాలు చంకన పెట్టుకుని వీసా ఆఫీసుకూ, లేబర్ ఆఫీసుకూ, స్టేషన్‌కూ, ఆస్పత్రికీ తిరిగేవాడు మందూబ్. సగం పని నిలబడటం. మిగతా సగం, నిలబడినప్పుడు మొహం మాడ్చుకోకుండా ఉండటం. కౌంటర్ వెనక మనిషి "బుక్రా" అంటే రేపు రమ్మని. కొత్తవాడు ఇంటికి పోతాడు. పాతవాడు "షుక్రన్" అని థాంక్స్ చెప్పి, దండం పెట్టి, పక్క కుర్చీలో కూర్చుంటాడు. మధ్యాహ్నానికి ఆ రేపు అదే వచ్చేస్తుంది.

పై అధికారుల గురించి ఎక్కువ రాయను. మా కాన్సుల్, అంటే మా ముదీర్, చెడ్డవాడు కాదు. కారు తలుపు తానే తీసుకుంటే హోదా ఆ సందులో ఇరుక్కుంటుందని ఆయన భయం. ఏ పనికైనా "రాజధాని నుంచి ఉత్తరం రావాలి" అనేవాడు. ఆ రాజధానిలో ఉత్తరాలు రాసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని నాకు చాలా ఏళ్ళు అనుమానం.

ఒక్క సూత్రం మాత్రం గుర్తుంచుకోండి. కాగితం గానీ ఫొటో గానీ ఇంకొకరి చేతికి ఇచ్చేటప్పుడు అందులో ఎవరున్నారో, ఎవరు ఎవరికి ఏమిచ్చారో రాసి ఇవ్వాలి. ఈ సూత్రం నా కింద పనిచేసిన ప్రతివాడికీ నేర్పాను. నేను ఒక్కసారి తప్పాను. ఇదంతా ఆ ఒక్కసారి గురించే.

విమానాశ్రయంలో నా మొదటి తప్పు

2020 మొదట్లో, వైరస్ ఇంకా వార్తగానే ఉన్నప్పుడు, కొత్త అధికారిణి వస్తోందని ముదీర్ నన్ను విమానాశ్రయానికి పంపాడు. "రాజకుమారి. జాగ్రత్త" అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆమె పేరు రాసిన బోర్డు పట్టుకుని, పెద్దవాళ్ళు బయటికి వచ్చే తలుపు ముందు నిలబడ్డాను.

మామూలు జనం వచ్చే తలుపులోంచి ఒక నల్లటి పొడుగాటి మనిషి ట్రాలీ తోసుకుంటూ వచ్చింది. గళ్ళ గుడ్డ తలకు చుట్టుకుంది. వెనక ఇంకో ఆడమనిషి, ఇంటిపనికి వచ్చినట్టుంది, చేతిలో కాగితాలు తిరగేసుకుంటూ బెదురుగా ఉంది. ఈమె ఆ కాగితాలు సర్ది, దారి చూపించి పంపి, వచ్చి సరిగ్గా నా బోర్డుకు అడ్డంగా నిలబడింది.

"సిస్టర్, కొంచెం పక్కకు జరుగు. మేడమ్ వస్తున్నరు" అన్నాను.

జరిగింది. నా పక్కనే నిలబడింది. ఇద్దరం తలుపు వంక చూస్తున్నాం.

"ఎవరొస్తున్నారు?"

"రాజకుమారి."

"ఎలా ఉంటుంది?"

"నేను చూడలే. ఈ పెద్దోళ్ళతోని ఇదే తంటా. ఎప్పుడూ లేటే."

"అవును, నాకూ ఒకామె తెలుసు" అంది. ఇంకా కాసేపు చూసి, "రాజయ్య గారంటే మీరేనా? మనం వెళ్ళిపోదాం. ఆమె ఇక రాదు, వచ్చేసింది" అంది.

కారు దగ్గర నేను వెనక తలుపు తీశాను. ఆమె ముందు సీట్లో కూర్చుంది. దిగేముందు అంది: "మీ పేరులోనే రాజు ఉన్నాడు. నేను కూతుర్ని మాత్రమే. ఇక్కడ ఎవరు ఎవరికి తలుపు తీయాలో మీరే చెప్పండి."

ఆ తప్పు నాదొక్కడిదే కాదు. మన ఎండకు మనం మాడినవాళ్ళమే, అయినా మనకన్నా ఒక పాలు నల్లగా ఉన్న మనిషి కనిపిస్తే మనం సున్నపు బొమ్మలమైపోతాం. ట్రాలీ తోసేది రాజు కూతురు కాదని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే తెలుసనుకున్నాను.

ఆమెది పెద్ద రాజ్యమనుకోకండి. ఆమె మాటల్లోనే, మూడు కొండలు, ఒక సంత. రాజుకు నలభై మంది పిల్లలు, ఈమె ఇరవై మూడోది. పరీక్ష రాసి ప్రభుత్వ ఉద్యోగంలో చేరింది. "ఇంటి నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ పేరొక్కటే" అనేది.

ఫుజైరాలో ముసలావిడ

ఆమె దేశపు పిల్ల ఒకామె ఫుజైరాలో ఒక అరబ్బు ఇంట్లో పని చేసేది. ఒప్పందం అయిపోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పాస్‌పోర్టు ఇవ్వడం లేదు. మేమిద్దరం వెళ్ళాం. కొండలు దాటేంతసేపూ అరబ్బీలో గట్టిగా అడగాల్సిన మాటలు మనసులో వల్లె వేసుకున్నాను. చట్టం పేరు ఎత్తాలి, స్టేషన్ పేరు ఎత్తాలి, గొంతు ఎక్కడ పెంచాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

వల్లె వేసిందంతా వృథా అయింది. యజమాని ఇంట్లో లేడన్నారు. గడపలో వాళ్ళ అమ్మ కూర్చుని ఉంది, చాలా ముసలావిడ. గహ్వా, అదే వాళ్ళ చేదు కాఫీ, చిన్న కప్పులో పోసి ఇవ్వబోయింది. దొరసాని రెండు మోకాళ్ళూ నేలకు ఆన్చి, రెండు చేతులూ చాచి ఆ కప్పు అందుకుంది.

ముసలావిడ కప్పు వదలకుండా నా వైపు చూసింది. "ఎవరీమె?"

"రాజు కూతురమ్మా. వాళ్ళ దేశంల."

"రాజు కూతురు నా ముందు మోకాళ్ళ మీద కూర్చుందా? నా కొడుకు నా ముందు కాలు మీద కాలేసుకుంటాడు." లోపలికి తిరిగి కేకేసింది. ఇంట్లో లేని కొడుకు ఇంట్లోంచే వచ్చాడు. రెండో కప్పు అయ్యేలోపు పాస్‌పోర్టు వచ్చింది. ఖలాస్. నా అరబ్బీ ఇప్పటికీ వాడకుండా అలాగే ఉంది.

తిరుగు దారిలో అడిగాను, పని కోసం అలా చేశారా అని. కాదంది. "మా ఇంట్లో అన్నం గానీ నీళ్ళు గానీ చేతికిస్తే మోకాళ్ళ మీద తీసుకోవాలి. మా నాన్న కూడా. ఏడాదికోసారి కొత్త ధాన్యం రోజున ఊళ్ళో అందరికన్నా ముసలి రైతు ఆడమనిషి పిడికెడు గింజలు తెస్తుంది. రాజు అలాగే అందుకుంటాడు. ఇచ్చేవాళ్ళు నిలబడాలి."

"తప్పితే?"

"ఇంటి మర్యాద తప్పినవాళ్ళను పెద్దల సభ పిలుస్తుంది. పెద్ద తప్పైతే ఆ ఇంటి పేరు తీసేస్తుంది. అప్పుడు నాన్న ఉన్నా, నేను రాజు కూతుర్ని కాను."

బాగుందే అనుకున్నాను. ముసలావిడ ముందు, గడప లోపల, సరే. రోడ్డు మీద అయితే మాత్రం బాగుండదని కూడా అనుకున్నాను. ఆమె అలాంటి తేడా ఏదీ చెప్పలేదు. నేనే చేర్చుకున్నాను.

కుసైస్‌లో బస్తా

ఆ తర్వాత వైరస్ వార్త వీధిలోకి వచ్చింది. బయటికి అడుగు పెట్టాలంటే ఫోనులో అనుమతి తీసుకోవాల్సిన రోజులు. అల్ కుసైస్‌లో ఒక పాత బిల్డింగు ఆరో అంతస్తులో ఆమె దేశపు ఆడవాళ్ళు ఇరవై మందికి పైగా ఇరుక్కుపోయారు. ఇళ్ళలో పనికని తెచ్చిన ఏజెంటు ఫోను ఆపేసి మాయమయ్యాడు. విమానాలు లేవు. ముదీర్ అలవాటుగా, "రాజధాని నుంచి ఉత్తరం రావాలి" అన్నాడు.

"రానివ్వండి సార్. అది వచ్చేదాకా వాళ్ళు ఏం తినాలో కూడా అందులోనే రాయమనండి" అని దొరసాని కారు తాళాలు తీసుకుంది. రోజూ ఇద్దరం వెళ్ళేవాళ్ళం. లిఫ్టు పనిచేయదు. ఆరంతస్తులూ సామాను మోసేది. నాకు నాలుగో అంతస్తుకే ఆయాసం. "రాజుగారు కాసేపు ఇక్కడ కొలువుదీరండి" అని నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి తానే ఎక్కేది.

అదే బిల్డింగు అన్నిటికన్నా కింది అంతస్తులో గోదావరి జిల్లాల ఆడవాళ్ళుండేవాళ్ళు. నాలుగిళ్ళలో వంటా గిన్నెలూ చేసుకునేవాళ్ళు. వైరస్ భయంతో ఏ ఇంటివాళ్ళూ రానివ్వడం లేదు, అందరూ గదిలోనే. వాళ్ళలో పెద్ద నాగమణి. రాజోలు వైపు మనిషి. నోరు ముందు వస్తుంది, మనిషి తర్వాత వస్తుంది.

ఒక పొద్దున దొరసాని పైకి వెళ్ళగానే నాగమణి ఇంకొకామెతో కలిసి బియ్యం బస్తా ఈడ్చుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

"ఏవండీ రాజయ్యగారూ, పైన మీ ఆఫ్రికా అమ్మలకి బియ్యం నిండుకున్నాయంటగదండీ?"

"నీకెవరు చెప్పిన్రు?"

"ఒకరు చెప్పాలేటండీ. నిన్న గంజి వాసన రాలేదండి. రోజూ మెట్ల మీంచి దిగి వత్తాది."

"మరి మీకు గావద్దా?"

"ఉంచుకున్నామండి సగం. అయినా వాళ్ళు పస్తుంటే మాకు కింద ముద్ద దిగుద్దేటండీ? ఆవిడ్ని పిలవండి, మాట్టాడతా నిలబడిపోకండి."

దొరసాని మెట్లు దిగి వచ్చింది. విషయం చెప్పాను. ఆమె నేరుగా నాగమణి ముందుకు వచ్చి వంగబోయింది. ఆ పక్క బిల్డింగులో మాస్కులు పంచడానికి వచ్చిన మన సంఘం అధ్యక్షుడు అప్పుడే ఇటు నడిచాడు. నేను ఫోను తీశాను. కెమెరా బయటికొస్తే కొందరి చెయ్యి దానంతట అదే ముందుకొస్తుంది. ఆయన చెయ్యి వచ్చి బస్తా మీద ఆగింది.

దొరసాని ఒక మోకాలు నేలకు ఆన్చింది. రెండోది ఆన్చబోతుంటే నేను ఉండబట్టలేక, "వద్దు మేడమ్. రోడ్డు మీద గట్ల వద్దు. మనోళ్ళంత చూస్తున్నరు" అన్నాను.

ఆమె అక్కడికక్కడే ఆగి నా వైపు తిరిగింది. మాస్కు వెనకాల నవ్విందని కళ్ళను బట్టి తెలిసింది. చేతులు బస్తా కింద, ఒక మోకాలు నేల మీద, ఒకటి గాలిలో. నా వేలు నొక్కేసింది.

మా నాయనమ్మ దొర గడీ ముందు చేరెడు నూకల కోసం ఎలా వంగేదో నాకు తెలుసు. ఒక దొరసాని పనివాళ్ళ ముందు వంగితే లెక్కప్రకారం నేను సంతోషించాలి. చూడలేకపోయాను. వంగడమంటే ఓడిపోవడమని నా ఒంట్లోకి చిన్నప్పుడే ఎక్కింది, సముద్రం దాటినా దిగలేదు.

ఆ రోజే గొప్ప కోసం ఆ ఫొటో సంఘం కార్యదర్శి ప్రసాద్‌కు వాట్సప్‌లో పంపాను. "చూడు మా మేడమ్" అని మాత్రం పెట్టాను. ఎవరు ఎవరికి ఏమిచ్చారో రాయలేదు.

దిద్దుబాటు

దొరసాని తన దేశం తిరిగి వెళ్ళిన మరుసటి ఏడు సంఘం ప్రత్యేక సంచిక వేసింది. రంగుల్లో అర పేజీ ఆ ఫొటో. అధ్యక్షుడు నిండుగా ఉన్నాడు. నాగమణిని అంచు దగ్గర కత్తిరించేశారు. ఆమెవి గాజులున్న చేతులు మాత్రం మిగిలాయి. కింద, మొదట్లో రాసిన ఆ వాక్యం.

అప్పటికే ఒళ్ళు మండుతోంది. కొద్ది రోజులకు మా పాత ఆఫీసు గుమాస్తా ఫోను చేశాడు. ఆమె దేశపువాళ్ళు ఎవరో ఆ పేజీని ఆ వాక్యం అర్థంతో సహా ఆమె ఊరికి పంపారట. కోతలయ్యాక పెద్దల సభ కూర్చుంటుందట. ఆ ఫొటో గురించి అడగడానికి ఆమెను పిలిచారట.

ఇంటి నుంచి ఆమెకు వచ్చింది ఆ పేరొక్కటే. అదీ నా ఫోను పుణ్యమా అని పోయేలా ఉంది. రాజు కూతురు పరాయి దేశంలో బిచ్చమెత్తిందని ఆ పెద్దలకు కోపం వచ్చిందని నా లెక్క. సభ కూర్చునేలోగా సంఘం చేత తప్పు ఒప్పించి, అచ్చు కాగితం ఆమెకు పంపాలి. ప్రసాద్‌కు ఫోను చేశాను.

"అది పనిమనిషి గాదు ప్రసాద్. రాజు బిడ్డ. మా ఆఫీసర్."

"అలాగా అంకుల్. తెలీదు అంకుల్. మరి రాజు బిడ్డ మోకాలి మీద ఎందుకుంది?"

ఇక్కడ నిజం చెప్పాల్సింది. చెబితే తీసుకున్నదని ఒప్పుకున్నట్టవుతుంది, ఆమెకు ఇంకా చేటు అనుకున్నాను. "బస్తా కిందికి దించుతున్నది. పంచుతున్నది" అన్నాను.

"ఓహో, పంచుతోందా. మరి మా ప్రెసిడెంటు గారు?"

"ఆయన ఫొటోల ఉన్నడు."

"ఉన్నారు కదా అంకుల్. అది కూడా సేవే. వచ్చే సంచికలో చూద్దాం లెండి."

వచ్చే సంచికదాకా ఆగే ఒళ్ళు కాదు నాది. ఉత్తరాలు మొదలుపెట్టాను. కార్యదర్శికి, అధ్యక్షుడికి, సభ్యులకు, చివరికి ఆ సంచికలో ప్రకటనలిచ్చిన నగల దుకాణానికి కూడా. సంఘం మీటింగుకి వెళ్ళి వెనక వరసలో కూర్చుని, "ఇంకేమైనా ప్రశ్నలున్నాయా" అన్నప్పుడల్లా లేచాను. నన్ను చూడగానే టీ ముందు నాకే ఇవ్వడం మొదలుపెట్టారు, నోట్లో ఏదైనా ఉంటే మాట్లాడనని. ఇన్నేళ్ళు కౌంటర్ల ముందు నిలబడ్డవాణ్ణి, టీకి లొంగుతానా. చివరికి విసిగిపోయి ఒక చిన్న కాగితం అచ్చువేసి పంచారు: "గమనిక: సదరు ఫొటోలో ఉన్నవారు ఆఫ్రికా రాజకుమారి. మన సంఘం సహకారంతో వారు పేదలకు బియ్యం పంచుతున్న దృశ్యం."

"మన సంఘం సహకారంతో" నేను చెప్పింది కాదు. అయినా గెలిచాననుకున్నాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, కవరులో పెట్టి, ఆమె దేశానికి వెళ్ళే కాన్సులేట్ టపా సంచీలో వేయమని గుమాస్తాకు ఇచ్చాను. మిగిలిన కాపీ ఒకటి పట్టుకుని నాగమణికి చూపిద్దామని కుసైస్ వెళ్ళాను. ఆమె ఇప్పటికీ అదే బిల్డింగులో ఉంటుంది.

నాగమణి చేతులు కొంగుకు తుడుచుకుని మొదట సంచిక చూసింది, తర్వాత కాగితం చదివింది.

"ఈ గాజులు నాయేనండి. మనిషేదండీ?"

"కత్తిరించిన్రమ్మా."

"ముందేమో బియ్యం సంఘవోళ్ళు ఇచ్చారన్నారు. ఇప్పుడేమో ఆవిడ పంచిందంటన్నారు. ఇంకోపాలి దిద్దారనుకోండి, నేను పుచ్చుకున్నానని వత్తాదేమోనండి."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

"ఆమె పరువు పోతదని గట్ల చెప్పిన."

"పుచ్చుకుంటే పరువు పోద్దేటండీ? ఆవిడ ఎంత బాగా పుచ్చుకున్నారండీ ఆ రోజు. ఇన్నిళ్ళలో వండి పెట్టాను. అలా పుచ్చుకున్నోళ్ళని నేను చూళ్ళేదు. మీరేగదా మధ్యలో వద్దు వద్దని అరిచింది." ఆగి, "టీ తాగుతారా, లేపోతే మా చేత్తో ఇత్తే మీకూ పరువు పోద్దా?" అంది.

తాగాను. కూర్చునే తాగాను, మోకాళ్ళ నొప్పి. ఇంటికొచ్చి దొరసానికి రెండో ఉత్తరం రాశాను. బస్తా నాగమణిదని, ఆమె తీసుకున్నదని, తీసుకుంటుంటే ఆపింది నేనని, సంఘంతో అబద్ధమాడింది నేనని, ఒక తప్పుడు వాక్యం మీద ఇంకో తప్పుడు వాక్యం అచ్చు వేయించానని ఉన్నదున్నట్టు రాశాను. మొదటి ఉత్తరం వెనక్కి తీసుకుందామని గుమాస్తా దగ్గరికి పరుగెత్తితే సంచీకి అప్పటికే సీలు వేయబోతున్నాడు. తీయనివ్వలేదు, రెండోది వేయనిచ్చాడు. రెండూ ఒకే సంచీలో వెళ్ళాయి.

పిల్లలూ, తప్పు దిద్దేటప్పుడు మనకు నచ్చినట్టు దిద్దకండి. అది మొదటి తప్పుకన్నా పాడుది, ఎందుకంటే దాని మీద మన సంతకం ఉంటుంది. నాకు ఇది అరవై దాటాక తెలిసింది. మీకు ఇప్పుడే చెబుతున్నాను, వినరని తెలిసే.

కోతలు అయిపోయాయి. సభ కూర్చునే రోజులు దాటిపోయాయి. ఏ కబురూ లేదు. రోజూ గుమాస్తాకు ఫోను చేసేవాణ్ణి. "బుక్రా" అనేవాడు, ఆ మాట వాడికి నేర్పింది నేనే.

జవాబు

గుమాస్తా తానే వచ్చి ఇచ్చాడు. ఆమె ఇంగ్లీషులో రాసింది. నాకు వచ్చిన తెలుగులో ఇస్తున్నాను, ఏమీ దిద్దకుండా.

"రాజయ్య గారికి,

మీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు అందాయి. రెండోది ముందు విప్పాను. అది నా అదృష్టం. నేను బియ్యం పంచుతున్నానని ఉన్న మీ అచ్చు కాగితాన్ని సభలో పెట్టి ఉంటే నాకు ఇప్పుడు ఇంటి పేరు ఉండేది కాదు. అన్నం తీసుకుని, ఇచ్చానని చెప్పుకోవడం కన్నా పెద్ద తప్పు మా ఇంట్లో లేదు.

'నిరుపేద పనిమనిషి' అన్నది చదివి వినిపించాను. ఎవరికీ కోపం రాలేదు. ప్రభుత్వం దగ్గర చేసేది అదే పని కదా అని మా పెద్దమ్మ అంది. వాళ్ళు నన్ను పిలిచింది వేరే సంగతికి. ఫొటోను దగ్గరగా పట్టుకుని, రెండో మోకాలు ఏదీ అని అడిగారు.

మా ఆఫీసు ఉద్యోగి ఒకరు వద్దన్నారు, ఆగాను అని చెప్పాను. అన్నం ముందు రాజు కూతురు ఒక ఉద్యోగి మాట విని సగంలో ఆగిందా అని చాలాసేపు నవ్వారు. నవ్వాక ఒక మేక జరిమానా వేశారు. పేరు నాకే వదిలేశారు.

బస్తా ఇచ్చినావిడ పేరు అడిగారు. నాగమణి అన్నాను. అంతే తెలుసా అన్నారు, సిగ్గేసింది. ఆమె పూర్తి పేరు, తల్లి పేరు, ఊరి పేరు వెంటనే రాసి పంపండి. కొత్త ధాన్యం రోజున మా ఇంటికి అన్నం పెట్టినవాళ్ళ పేర్లు అందరి ముందూ చదువుతారు. మా నాన్న మోకాళ్ళ మీద ఉండి వింటాడు. మీ పేరు కూడా చదువుతారు, రాజయ్య గారూ. అయితే అది మోకాలు ఆపినవాళ్ళ జాబితాలో. దిగులు పడకండి, ఆ జాబితాలో మీరొక్కరే."